వంటింటి గచ్చుకి ఏ రాయి వేయించాలి? బేతంచర్లా, టెక్కలి గ్రానైటా?

నరసన్నపేట ఇల్లు:
అందరికీ నమస్కారం. మా పాత ఇంటి వంటగదిలో సిమెంటు గచ్చు పగిలిపోయింది. అది కొట్టించి రాయి వేయించాలని ఉంది. టైల్స్ వద్దని అమ్మ పట్టు. ఆవిడ ఇప్పటికీ కింద కూర్చునే కత్తిపీట మీద కూరలు తరుగుతుంది, చేపలు బాగుచేస్తుంది, చింతపండు పిసుకుతుంది. మేస్త్రీ బేతంచర్ల రాయి వేద్దామంటున్నాడు, తమ్ముడు టెక్కలి గ్రానైట్ అంటున్నాడు. వంటగది కింది అంతస్తులోనే ఉంది. ఏది మంచిదో చెప్పండి.

గజపతినగరం రాతిపని:
గ్రానైట్ వేయించండి. బేతంచర్ల, తాండూరు, కడప నాపరాళ్లన్నీ సున్నపురాయి జాతివే. మార్బుల్ కూడా పులుపు దగ్గర అంతే. చింతపండు రసం, నిమ్మరసం కాసేపు నిలిస్తే పైపొరని తినేస్తాయి. అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. సీలర్ కొడితే చాలని షాపులో చెబుతారు. సీలర్ నూనె, పసుపు లోపలికి ఇంకకుండా కాస్త ఆపుతుంది గానీ పులుపుని ఆపదు. ఒక ముక్క తెచ్చుకుని రాత్రి నిమ్మచెక్క బోర్లించి ఉంచండి, పొద్దున్న మీరే చూస్తారు.

కొండకింద మనిషి:
పెద్దావిడ తిరిగే వంటింట్లో గ్రానైటా? నీళ్లూ నూనే పడితే కాలు నిలుస్తుందా? మా మేనత్త అలాంటి గచ్చు మీదే జారి పడింది, తుంటి ఎముక విరిగి మంచానికి అంటుకుపోయింది. మా తాతల నాటి ఇంట్లో నాపరాళ్లు ఉన్నాయి. వాటికి సీలరూ లేదు, పాలిషూ లేదు. ఇప్పటికీ వాటి మీదే వండుకుంటున్నాం.

పలాస బాబు:
టైల్స్ వేయించి ఊరుకోండి. ఖర్చు తక్కువ.

గజపతినగరం రాతిపని:
@కొండకింద మనిషి గారు, మీ మేనత్తగారికి అలా జరగడం బాధాకరం. కానీ జారింది పాలిష్ వల్ల. అదే గ్రానైట్‌ని లెదర్ ఫినిష్‌లో, అంటే అద్దంలా మెరవకుండా తోలులా కాస్త గరుకుగా ఉండేలా తీసుకుంటే కాలికి పట్టు ఉంటుంది. మంటతో కాల్చి బాగా గరుకు చేసే ఫ్లేమ్డ్ ఫినిష్ మాత్రం వంటింటికి వద్దు, గరుకులో జిడ్డు పట్టి తుడవలేరు. మీ నాపరాళ్ల మీద పులుపు మచ్చలు లేవా? పాలిష్ లేని రాయి కాబట్టి మీకు కనపడవు, అంతే.

కొండకింద మనిషి:
కనపడని మచ్చతో బాధేంటి? ఆవిడ గచ్చు మీద నడుస్తుందా, ముఖం చూసుకుంటుందా?

ఆమదాలవలస సివిల్:
మీరిద్దరూ రాయి దగ్గరే ఆగిపోయారు. అడిగినవాళ్లది కింది అంతస్తు, పాత ఇల్లు. ముందు గచ్చు ఎందుకు పగిలిందో చూడండి. కింద పూడ్చిన మట్టి కుంగి ఉంటే ఏ రాయి వేసినా పగుళ్లొస్తాయి. గచ్చు తీశాక మట్టిని తడిపి దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు వేయించి, అది గట్టిపడ్డాకే రాయి పని మొదలుపెట్టండి.

ఇసుక సంగతి ఇంకా ముఖ్యం. వంశధార, నాగావళి ఇసుక మనకి దగ్గర్లోనే దొరుకుతుంది. అయినా తీరం పక్క ఊళ్లలో చౌకగా వస్తుందని ఉప్పు ఇసుక కలిపేవాళ్లు ఉన్నారు. ఆ ఉప్పు తేమతో పైకొచ్చి జాయింట్ల వెంట తెల్లగా పొంగుతుంది. మాలులో ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్లు ఇసుక చాలు, రాయి కింద అంతటా పరిచి, పైన సిమెంటు పాలు పోసి, రబ్బరు సుత్తితో కూర్చోబెట్టాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి పైన రాయి ఆనిస్తే మధ్యలో గుల్ల మిగులుతుంది. రోకలి జారిపడిన రోజు అక్కడే విరుగుతుంది. పని అయ్యాక ఒక్కో రాయినీ కొట్టి వినండి, గుల్లగా మోగితే తీయించండి. నీళ్లు బయటికి పోయే వైపు కొద్దిగా వాలు పెట్టించండి. సీలర్ వేసేటట్టయితే తడి పూర్తిగా ఆరాకే. తడి మీద కొడితే లోపలే బిగుసుకుని నల్ల నీడలు పడతాయి.

ఇంకొకటి. బేతంచర్లే వేయిస్తే చివర్లో సిమెంటు మరకలకి యాసిడ్ పోయనివ్వకండి. ఒక్క పూటలో రాయి పాడైపోతుంది.

బొబ్బిలి అమ్మాయి:
ఆ గచ్చు తుడిచేది ఎవరో కూడా అడగండి. మా ఇంట్లో మగవాళ్లు రంగు ఎంచారు, లేత రంగు. పసుపు పడితే గీకుతున్నది నేను.

గజపతినగరం రాతిపని:
సివిల్ గారు చెప్పింది నిజం. అదంతా సరిగ్గా చేశాక కూడా పులుపు సమస్య అలాగే ఉంటుంది. నిమ్మచెక్క పరీక్ష ఎవరైనా చేశారా?

కొండకింద మనిషి:
మళ్లీ నిమ్మకాయేనా! మీకు గ్రానైట్ తప్ప ఇంకేదీ రాయిలా కనపడదు. అమ్ముకునేవాళ్లు అలాగే అంటారు.

గజపతినగరం రాతిపని:
నేను అమ్మను, వేస్తాను. ఏ రాయి వేసినా నా కూలి నాకొస్తుంది. మాట మర్యాదగా రానీయండి. జారుతుందన్నారు, లెదర్ ఫినిష్ చెప్పాను. దానికి జవాబు లేదు. అసలు మీకు ఏం కావాలి?

కొండకింద మనిషి:
ఏం కావాలో చెబుతాను. మా ఊరు టెక్కలి అవతల, కొండ కింద. ఆ కొండకి క్వారీ వచ్చింది. పేలుడు మోతకి మా గోడ నెర్రెలిచ్చింది. లారీలు తిరిగే దారి పక్క జీడితోటల మీద దుమ్ము కప్పేసి పూత నిలవడం లేదు. పెద్ద పెద్ద బ్లాకులు పోర్టుకి పోతాయి, పనికిరాని బండలు మా చెరువు గట్టున పడతాయి. ఆ నీలం రాయి ఎవరి వంటింట్లో చూసినా నాకు మా కొండే గుర్తొస్తుంది. అది అందంగా ఉందంటే నేను ఒప్పుకోలేను.

గజపతినగరం రాతిపని:
ఇది మొదటే చెప్పాల్సింది. మీ బాధని నేను కాదనను. కానీ నా మాటా వినండి. మా అన్నదమ్ములు హైదరాబాద్, చెన్నై పోయి షెడ్లలో బతికినవాళ్లే. టెక్కలి వైపు పాలిషింగ్ యూనిట్లో పని దొరికాకే ఒకడు ఇంటికొచ్చి పిల్లల్ని బడికి పంపుతున్నాడు. రాయి వద్దంటే వాడు మళ్లీ రైలెక్కాలి. పైగా బేతంచర్ల రాయి కూడా భూమిని తవ్వితేనే వస్తుంది. అక్కడి దుమ్ము మనకి కనపడదు కాబట్టి మంచి రాయి అయిపోదు.

కొండకింద మనిషి:
అక్కడి వాళ్ల గోడు అక్కడి వాళ్లు చెప్పుకోవాలి, చెబితే వింటాను. మీ తమ్ముడికి పని ఉండాలి, సరే. ఆ పని మా చెరువు పూడ్చకుండా నడవదా? పోయే ప్రతి బ్లాకుకీ ప్రభుత్వానికి సీనరేజి, అంటే తవ్విన రాయి మీద రుసుము, కడుతున్నారు కదా. అందులోంచి మా ఊరి రోడ్డు మీద రోజూ నీళ్లయినా చల్లించమనండి. అది అడిగితే మమ్మల్ని అభివృద్ధికి అడ్డమంటున్నారు.

గజపతినగరం రాతిపని:
నీళ్లు చల్లడం, బండలు చెరువులో పడేయకపోవడం రెండూ కట్టుదిట్టంగా జరగాలి. దాంట్లో నేను మీ వెంటే. క్వారీ మూసేయమంటే మాత్రం ఒప్పుకోను.

కొండకింద మనిషి:
ఇళ్లకి అంత దగ్గర్లో ఉన్నది మూయాల్సిందే. ఇందులో నేను తగ్గేది లేదు.

ఆమదాలవలస సివిల్:
క్వారీ మీద వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాద్దాం.

నరసన్నపేట ఇల్లు:
పెట్టండి, నేనూ వస్తాను. మా ఊరికీ ఆ లారీలే వస్తాయి. ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. మచ్చలతో తనకి పని లేదట, కాలు జారకూడదు, తుడవడం తేలిగ్గా ఉండాలంటోంది. ఆదివారం షాపుకి తీసుకెళ్తున్నాను, తడి పాదంతో నిలబడి తనే ఎంచుకుంటుందట. లెదర్ ఫినిష్ గ్రానైట్, పాలిష్ లేని నాపరాయి రెండూ చూపిస్తాను. ఈలోగా గచ్చు కొట్టించి కింద మట్టి ఎలా ఉందో చూడమని మేస్త్రీకి చెప్పాను. సివిల్ గారూ, కాంక్రీటు ఎంత మందం వేయించాలి?

ఆమదాలవలస సివిల్:
మట్టి గట్టిగా ఉంటే నాలుగంగుళాలు చాలు. వేశాక వారం రోజులు తడపండి.