మోకాలి గుజ్జు అరుగుదలను నెమ్మదింపజేసే మందు వచ్చిందా?

ప్రశ్న (మద్దిలపాలెం, విశాఖపట్నం)

మా అమ్మకు 64 ఏళ్లు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచిన మనిషి ఇప్పుడు మేడమెట్లు దిగడానికి గోడ పట్టుకుంటోంది. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు, నొప్పి మాత్రలతోపాటు గ్లూకోసమిన్ అనే పోషక మాత్రలు రాశారు. నొప్పిని అణచడం కాక, అరుగుదలనే నెమ్మదింపజేసే మందు ఏదైనా ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ)

అటువంటి మందును అమెరికా ఎఫ్‌డీఏ గాని, ఐరోపా ఔషధ సంస్థ గాని ఇంతవరకు ఆమోదించలేదండి. గ్లూకోసమిన్‌ను అమెరికాలో 1583 మందిపై పరీక్షించి 2006లో ఫలితాలు వెల్లడించారు. మొత్తం మీద నొప్పి విషయంలో అది ప్లాసిబోను (పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని నకిలీ మోతాదును) మించలేదు.

ఆశ కలిగించిన మందు స్ప్రిఫెర్మిన్. గుజ్జు (మృదులాస్థి) కణాలను పెరిగేలా ప్రేరేపించే ఈ ప్రోటీన్‌ను కీలులోకే ఎక్కిస్తారు. 549 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి: ఆరు నెలలకొక విడత చొప్పున ఎక్కువ మోతాదు అందుకున్నవారిలో రెండేళ్లకు గుజ్జు మందం సగటున 0.03 మిల్లీమీటరు పెరగగా, ప్లాసిబో అందుకున్నవారిలో 0.02 తగ్గింది. అయితే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుజ్జులో నరాలుండవు, నొప్పి దాని కిందనున్న ఎముక నుంచి, కీలు పొర వాపు నుంచి పుడుతుంది. కనుక స్కానింగులో మెరుగుదల కనబడినా, మీ అమ్మగారు మెట్లు సులువుగా దిగగలిగితే తప్ప దానిని మందు అనలేము. ఈ రెండూ ఒకే మందులో కలవకపోవడమే ఇన్నేళ్ల అన్వేషణకు పెద్ద అడ్డంకి.

జవాబు (గాజువాక)

మా నాన్నగారికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించినప్పుడు కొన్ని వారాలు హాయిగా నడిచారు, అందుకని మళ్లీ మళ్లీ చేయించాము. మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు వేయించుకున్నవారిలో గుజ్జు మరింత త్వరగా తగ్గినట్లు 2017లోనే తేలిందని ఆ తర్వాత చదివాను. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మ బరువు 78 కిలోలు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ గుజ్జును కాపాడుతుందా?

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు)

స్థూలకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్న 407 మందిలో అది నొప్పిని బాగా తగ్గించినట్లు 2024లో ప్రచురించారు. గుజ్జును కాపాడినట్లు మాత్రం అది నిరూపించలేదు. మందుతోనైనా, మందు లేకుండానైనా ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అమ్మగారికి తొడ కండరాల వ్యాయామాలు నేర్పమని ఫిజియోథెరపిస్టును అడగండి, గ్లూకోసమిన్ కొనసాగించాలా అన్నది డాక్టరుగారితో మాట్లాడండి.