ఓవర్‌హెడ్ ప్రెస్ 40 కిలోల దగ్గర ఆగింది: చిన్న ప్లేట్లు చేయించాలా, రెప్స్ పెంచాలా?

అన్నలూ, విజయవాడ జిమ్‌లలో చేసేవాళ్ళు చెప్పండి. నేను చేసేది ఇది: మొదట బలం కోసం 3–5 రెప్స్ (ఒక సెట్‌లో బరువు ఎత్తే సార్లు), సెట్ల మధ్య 3–4 నిమిషాల విశ్రాంతి; తర్వాత సైజు కోసం 8–12 రెప్స్, ఇంకో రెండు వస్తాయనగా ఆపడం. స్క్వాట్‌కి ఇది బాగానే నడుస్తోంది. చిక్కంతా ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ని భుజాల నుంచి తలపైకి ఎత్తడం)తోనే.

జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేట్ 2.5 కిలోలు. రెండువైపులా వేస్తే ఒకేసారి 5 కిలోలు. 100 కిలోల స్క్వాట్ మీద అది 5 శాతమే, 40 కిలోల ప్రెస్ మీద పన్నెండున్నర! 40తో 5 రెప్స్ వస్తాయి. 45తో రెండోదానికే నడుము వెనక్కి వంగిపోతోంది.

40 మీదే 8 రెప్స్ దాకా లాగి 45కి వెళ్ళొచ్చు. భుజాల సైజుకి మంచిదే, కానీ భారీ బరువు ఎత్తే అలవాటు పోతుందా? వారానికోసారి 45తో సింగిల్స్ (ఒక్కో రెప్ సెట్లు) కలిపితే సరిపోతుందా?

లేదా ఆటోనగర్ లేత్ షాపులో చిన్న ప్లేట్లు చేయించాలి. నా లెక్క: 10 ఎంఎం మైల్డ్ స్టీల్, 151 ఎంఎం వ్యాసం, 51 ఎంఎం రంధ్రం అయితే దాదాపు 1.25 కిలోలు. (ఇంటి సెట్ల ప్లేట్లు జిమ్‌లోని ఒలింపిక్ బార్‌కి ఎక్కవు, రంధ్రం చిన్నది.) అలా చేయించినవాళ్ళున్నారా? జతకి ఎంత తీసుకున్నారు?