మండీ డబ్బుతో రాత్రి ప్రయాణం: .22 రివాల్వర్ చాలునా?

తోటాపురి (బంగారుపాళ్యం):
మామిడి సీజన్‌లో మండీ నుంచి డబ్బు తీసుకుని తోటకు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. రివాల్వర్ లైసెన్సుకు అర్జీ పెడదామనుకుంటున్నా. ఇషాపూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ 2016లో తెచ్చిన .22 (అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) నిడర్ రివాల్వర్ పావు కిలోనే అట, జేబులో పడుతుంది. మా బావేమో "అది పిట్టల తుపాకి, .32 తీసుకో" అంటాడు. చిన్న గుండుకు మనిషి ఆగుతాడా?

శెట్టిపల్లె కుర్రోడు:
చిన్నదైనా గుండు గుండే. ఎదురుగా నిలబడి తగిలించుకుంటావా సామీ?

రిటైర్డ్ హవల్దార్ (పలమనేరు):
తగిలించుకోను. కానీ అడగాల్సింది అది కాదు. .22 తగిలి పోయినవాళ్లున్నారు, తగిలాక కూడా మీదికొచ్చి పొడిచినవాళ్లూ ఉన్నారు. వాడు రేపు ఆసుపత్రిలో పోతే నీకేం లాభం? ఇప్పుడు ఆగాలి. మెదడుకో వెన్నుపాముకో తగిలితే తప్ప మనిషి ఉన్నచోటే కూలడు. గుండెకు తగిలినా కొన్ని సెకన్లు స్పృహ ఉంటుంది, కత్తికి ఆ సమయం చాలు. మిగతావాళ్లు ఆగేది భయంతో, నొప్పితో. తాగినవాడికి ఆ రెండూ తక్కువ.

మీ బావ మాట సగమే నిజం. .22 గుండు రెండున్నర గ్రాములు. మన .32 రివాల్వర్‌ది ఆరు గ్రాముల పైనే, కానీ నిదానం, సెకనుకు సుమారు 210 మీటర్లు. 9 ఎంఎం పిస్టల్ గుండు శక్తి దానికి మూడింతలు. అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత సైజు, మనలాంటివాళ్లకు ఇవ్వరు. అంటే నీకు దొరికే ఈ రెండూ చిన్నవే. అయినా నేను .32 అనడానికి కారణం వేరే. .22లో మందు అంటించే రసాయనం తూటా అడుగున అంచు లోపల ఉంటుంది, అందుకే పేలకుండా పోయేవి ఎక్కువ. రివాల్వర్ కాబట్టి ట్రిగ్గర్ మళ్లీ లాగితే తర్వాతి తూటా వస్తుంది. అదొక్కటే ఊరట.

భవానీ నగర్ (తిరుపతి):
సార్, మీ చేతులు వేరు, మా చేతులు వేరు. 2014లో ఆడవాళ్ల కోసమని నిర్భీక్ రివాల్వర్ తెచ్చారు. .32, బరువు అర కిలో, అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైనే. ఇంట్లో వదిలేసే పెద్ద తుపాకి కన్నా బ్యాగులో ఉండే చిన్నది నయం కాదా?

కౌండిన్య పక్కోడు:
మా పొలాల్లో పడే ఏనుగులకు .32 పనికొస్తుందా?

రిటైర్డ్ హవల్దార్ (పలమనేరు):
దాని మీద .32 కాల్చడమంటే నీ అడ్రస్ చెప్పడమే నాయనా. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చెయ్.

శెట్టిపల్లె కుర్రోడు:
2015లో చిత్తూరు మేయర్‌ను ఆఫీసులోనే చంపేశారు. ఇలాంటి చోట తుపాకి ఉండాల్సిందే.

చిత్తూరు బార్ వకీలు:
ఆఫీసులోకొచ్చి హఠాత్తుగా కాల్చేవాడి ముందు డ్రాయరులో ఉన్న తుపాకి ఏం చేస్తుంది తమ్ముడూ?

తోటాపురి గారూ, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 41వ సెక్షన్ ప్రకారం దారిదోపిడీలో ఆస్తి కాపాడుకోవడానికి ప్రాణం తీసేదాకా హక్కు ఉంది, నిజమే. కానీ 37వ సెక్షన్ దాన్ని అవసరమైనంతకే పరిమితం చేస్తుంది. బ్యాగు పారేసి పారిపోతున్నవాడి వీపులో కాలిస్తే మీరే ముద్దాయి. అప్పుడు .22 కదా, చిన్నది కదా అంటే కుదరదు.

ఇంకోటి ఎవరూ ఆలోచించరు. ఎన్నికలొస్తే లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో జమ చేయమంటారు. 2024లో కోడ్ మార్చి 16న మొదలైంది, కౌంటింగ్ జూన్ 4న. మీ కాయలు మార్కెట్‌కొచ్చే వేళకు తుపాకి స్టేషన్‌లోనే ఉండేది.

తోటాపురి (బంగారుపాళ్యం):
అది నిజంగా తట్టలేదు. మండీ సేటును డబ్బు అకౌంట్లో వేయమంటే సగం సమస్య తీరుతుంది. కూలీల డబ్బు మాత్రం చేతిలో ఉండాల్సిందే.

భవానీ నగర్ (తిరుపతి):
మీ డబ్బు అకౌంట్లో వేస్తారు, బాగుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా వచ్చేదాన్ని, నన్నెక్కడ వేస్తారు?

రిటైర్డ్ హవల్దార్ (పలమనేరు):
అమ్మా, నీకు నేను .22 వద్దనను. కానీ తేలికపాటి రివాల్వర్‌కు ట్రిగ్గర్ గట్టిది, లాగేటప్పుడు గురి పక్కకు పోతుంది. కొనకముందే ఖాళీ తుపాకితో నీ వేలితో లాగి చూడు. లైసెన్సుకు ఎలాగూ ట్రైనింగు సర్టిఫికెట్ కావాలి, ఆ ట్రైనింగులోనే .22, .32 రెండూ కాల్పించమని అడుగు. మూడు నాలుగడుగుల దూరంలో ఏది వరసగా తగులుతుందో అది తీసుకో. బ్యాగు జిప్పు తీసి బయటకు తీయడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకో.

భవానీ నగర్ (తిరుపతి):
జిప్పు సంగతి నేనూ అనుకున్నా సార్. ట్రైనింగు తిరుపతిలో ఎక్కడిస్తారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.