కాగితం అడిగితే అన్న నొచ్చుకుంటారేమో

కావలి నుంచి కొత్తగా వచ్చిన సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద టెక్సాస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చి మూడు వారాలైంది. మా ఆఫీసులోనే పనిచేసే నెల్లూరు అన్న ఒకరు తమ రెండో ఇంటిని అద్దెకు ఇస్తామన్నారు. నెలకు 1,800 డాలర్లు, అడ్వాన్సు కూడా అంతే. ‘మనలో మనకు కాగితాలెందుకు, నీకు ఇష్టమున్నన్నాళ్లు ఉండు’ అన్నారు. వచ్చే నెలలో నా భార్య వస్తుంది. సంక్రాంతి వెళ్లాక అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఒప్పందం రాసుకుందామంటే ఆయన నొచ్చుకుంటారేమోనని వెనకాడుతున్నాను. అడగాలా, వద్దా?

ఒంగోలు అక్క, ప్లేనో:

తమ్ముడూ, తప్పకుండా అడుగు. ఏడాది లోపు అద్దెకు నోటిమాట ఒప్పందం ఇక్కడా చెల్లుతుంది. కానీ ‘ఇష్టమున్నన్నాళ్లు’ అన్నది చట్టం దృష్టిలో నెలనెలా సాగే అద్దె. ఇద్దరిలో ఎవరైనా ఒక నెల ముందు చెప్పి ముగించవచ్చు. మీ అమ్మానాన్నలు దిగిన వారానికే ఆయనకు ఇల్లు అమ్ముకోవలసిన అవసరం వస్తే? ఆయన మంచివారే కావచ్చు, అవసరం మాత్రం చెప్పి రాదు. పన్నెండు నెలలకు రాసుకుంటే ఆ దిగులుండదు.

మా మొదటి ఇల్లు ఇలాగే నోటిమాట మీద తీసుకున్నాం. వంటగది గుమ్మం దగ్గర కార్పెట్ మీద అరచేయంత పసుపు మరక, మేము చేరేనాటికే ఉంది. ఫొటో తీయాలన్న ఆలోచనే రాలేదు. రెండేళ్ల తరువాత ఖాళీ చేస్తే, ఆ మరక మాదేనని చెప్పి అడ్వాన్సులో 1,100 డాలర్లు ఆపేశారు. అప్పటికి పాప కడుపులో ఉంది, ఆ డబ్బు మాకు చిన్నదేమీ కాదు. ఇంటివారూ తెలుగువారే, పండగకు పిలిచి భోజనం పెట్టినవారే. ఈ రోజుకీ వాళ్లు అబద్ధమాడారని నేను అనుకోను. వాళ్లకు నిజంగానే గుర్తులేదు. రాసి ఉంటే గొడవే వచ్చేది కాదు, స్నేహమూ మిగిలేది.

టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 92వ అధ్యాయం ఇళ్ల అద్దెల గురించే. ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. ఏదైనా కోత పెడితే పద్దులవారీగా రాసి చూపాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. దురుద్దేశంతో ఆపితే, ఆపిన దానికి మూడింతలు, పైన 100 డాలర్లు, లాయరు ఖర్చులు కట్టుకోవాలి. అయితే నీ కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ డబ్బు తిరిగి ఇచ్చే బాధ్యత ఆయనకు ఉండదు. మేము ఫోనులో చెప్పి ఊరుకున్నాం.

ఇంకో మాట, ఇది మన ఊరి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఖాళీ చేసే ముందు ‘ఈ నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోండి’ అనడం మనకు మామూలే. ఇక్కడ అలా అనుకుని చివరి నెల అద్దె ఆపకు. దురుద్దేశమని తేలితే ఆపిన అద్దెకు మూడింతలు నువ్వే కట్టాలి.

అన్నతో ఎలా మొదలుపెట్టాలంటావా? ఆయన మేలు ముందు చెప్పు. ఆలస్య రుసుము రాతపూర్వక ఒప్పందంలో ఉంటేనే యజమాని వసూలు చేయగలడు. గడువు దాటి రెండు పూర్తి రోజులు గడిచాకే అది మొదలవుతుంది. ఇలాంటి విడి ఇంటికి అద్దెలో 12 శాతం దాకా సబబైనదిగా చట్టం ఎంచుతుంది. మీ లెక్కన 216 డాలర్లు. ఈ ఒక్క కారణం చాలు, ఆయనే కాగితం తెమ్మంటారు.

ఆ ఇంట్లో ఉండబోయేవారందరి పేర్లూ ఒప్పందంలో రాయించు. అమ్మానాన్నలవి ఆరు నెలల అతిథులుగా, ఇప్పుడే. ఏసీ చెడితే బాగుచేయించేది ఎవరో విడిగా రాయండి. ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు తెచ్చే లోపాలను యజమాని బాగుచేయించాలని చట్టంలో ఉంది, అందులో ఏసీ పేరు ఎత్తలేదు. ఇర్వింగ్‌లో ఆగస్టు ఎండ మన రోహిణి కార్తెకు తీసిపోదు. మరమ్మతు అడిగేనాటికి అద్దె బాకీ ఉండకూడదు, అడగడం కూడా రాతలో ఉంటే మంచిది. ఇల్లు వరద ముంపు ప్రాంతంలో ఉందా, గత ఐదేళ్లలో నీళ్లు వచ్చాయా అన్నది ఆయన విడి కాగితం మీద రాసివ్వాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు కాలనీలు మునగడం చూసిన ఆయనకు, ఆ ప్రశ్న ఎందుకో వేరే చెప్పక్కరలేదు.

నెల్లూరు పెద్దాయన, మెకిన్నీలో కూతురింట్లో:

బాబూ, నేను నెల్లూరులో 34 ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. మన దగ్గర పదకొండు నెలల ఒప్పందాలు ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మొదట్లో ఏడాదికి మించిన కౌలుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించేవారు, ఆ అలవాటే మిగిలింది. ఇక్కడ ఆ బెడద లేదని మా అల్లుడు చెప్పాడు, పన్నెండు నెలలకే రాసుకో.

అద్దె, అడ్వాన్సు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. కొట్టివేత ఉంటే పక్కనే ఇద్దరూ సంతకం పెట్టండి. మనం షెడ్యూలులో నాలుగు హద్దులు రాస్తాం కదా, అలాగే నువ్వు గదిగదికీ ఉన్న స్థితి రాసి చివర జత చెయ్యి. ఆ అమ్మాయి చెప్పిన మరకలాంటిది ఉంటే, ఏ గదిలో, ఏ మూల, ఎంత వెడల్పు అన్నది అందులో ఉండాలి.

నొచ్చుకోవడం సంగతి. భాగపంపకాల దస్తావేజుకు అన్నదమ్ములు ఒకే ఆటోలో వచ్చి, మధ్యలో కలిసి టీ తాగి, అదే ఆటోలో తిరిగి వెళ్లడం ఎన్నోసార్లు చూశాను. అలా వచ్చినవారు మళ్లీ తగాదాతో నా దగ్గరికి రాలేదు.

కావలి సభ్యుడు, ఆరు రోజుల తరువాత:

అక్కా, పెద్దాయనా, మీ ఇద్దరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం రెండు ప్రతులతో వెళ్లాను. అన్న ఏమీ అనుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ‘పెరటి గడ్డి ఎవరు కోయించాలో రాయలేదేం?’ అన్నారు. గడ్డి ఏపుగా పెరిగితే నగరపాలక సంస్థ నోటీసు పంపుతుందట. నేనే కోయిస్తానని చేత్తో రాసి, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం. తరువాత ఇద్దరం గదిగదీ తిరిగి 63 ఫొటోలు తీశాం. స్నానాల గది తలుపు అడుగున చెక్క ఉబ్బి ఉంది. అది ఆయనే చూపించి రాయించారు.

ఒంగోలు అక్క:

చాలా సంతోషం తమ్ముడూ. ఇద్దరి సంతకాలూ పడ్డాక మూడు పనిదినాల్లో పూర్తి ప్రతి నీ చేతికి రావాలి, అడిగి తీసుకో. ముందు వీధి తలుపు తాళం మార్చమని చెప్పు. కొత్తవారు చేరిన ఏడు రోజుల్లో తన ఖర్చుతో మార్పించడం యజమాని వంతు.