మెయిల్‌లో లింకు ఏ బ్రౌజర్‌లో తెరుచుకోవాలి: మనం పెట్టుకున్నదాంట్లోనా, మెయిల్ ప్రోగ్రామ్‌కి నచ్చినదాంట్లోనా?

చివరిబెంచి:
ఫైర్‌ఫాక్స్‌ని డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టుకుని ఏళ్లయింది. చాట్‌లో వచ్చిన లింకు నొక్కినా, పీడీఎఫ్‌లో ఉన్నది నొక్కినా అందులోనే తెరుచుకుంటుంది. మెయిల్ ప్రోగ్రామ్‌లో నొక్కితే మాత్రం నేనెప్పుడూ వాడని ఇంకో బ్రౌజరు లేస్తోంది.

నిన్న ఒక దరఖాస్తుకి సాయంత్రం ఐదింటికి గడువు. మెయిల్‌లో లింకు నొక్కాను. ముందు "స్వాగతం, మీ బుక్‌మార్కులు ఇక్కడికి తెచ్చుకుంటారా" అంటూ ఒక పేజీ వచ్చింది. దాన్ని మూస్తే వెనకాల లాగిన్ పేజీ. నా పాస్‌వర్డులన్నీ ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి, ఇక్కడ ఒక్కటీ లేదు. వెతికి కొట్టి, ఓటీపీ ఇచ్చి లోపలికెళ్తే ఫారం మొదటి గడి నుంచీ ఖాళీ. పొద్దున సగం నింపింది ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండిపోయింది.

నా వాదన ఒక్కటే. డిఫాల్ట్ అని ఒకసారి చెప్పాక, మెయిల్ ప్రోగ్రామ్ ఆ అడ్రసుని సిస్టమ్ చేతికిచ్చి పక్కకి తప్పుకోవాలి. మీరేమంటారు?

సర్వర్‌గది:
వాదనకి ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకుందామండీ. విండోస్‌లో "బ్రౌజరు" అని ఒకే సెట్టింగు లేదు. హెచ్‌టీటీపీతో మొదలయ్యే వెబ్ అడ్రసులకి ఒకటి, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేవాటికి ఒకటి, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లకి (కంప్యూటర్‌లో దాచుకున్న వెబ్ పేజీలకి) ఇంకొకటి, ఇలా విడివిడిగా ఉంటాయి. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు వీటిని ఒక్కొక్కటిగా మార్చుకోవాల్సి వచ్చేది. జనం గోల పెట్టాక, 2022లో అన్నిటినీ కలిపి మార్చే బటన్ ఇచ్చారు. కాబట్టి సగం మారి సగం మారని కంప్యూటర్లు నాకు ఇప్పటికీ తగులుతుంటాయి.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే ఏదైనా అడ్రసు కొట్టి ఎంటర్ చేయండి. అది కూడా తప్పు బ్రౌజర్‌లో తెరుచుకుంటే లోపం విండోస్ సెట్టింగులో ఉన్నట్టు. సరైనదాంట్లో తెరుచుకుంటే మెయిల్ ప్రోగ్రామ్ సెట్టింగు చూడాలి. మీది మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్, అందులోనూ పాత రకమైతే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కిందికి రండి, లింకులు ఏ బ్రౌజర్‌లో తెరవాలో అడిగే వరుస ఉంటుంది.

ఇక మీ వాదనతో నేను ఏకీభవించను. ఆఫీసు మెయిల్‌లో వచ్చే లింకుల్లో చాలా వరకు ఆఫీసు ఫైళ్లవే. ఆ ఖాతాతో లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటే పని జరుగుతుంది. లేకపోతే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది, వెంటనే ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే నా ఫోను మోగుతుంది. 2023లో అవుట్‌లుక్ లింకుల్ని తన బ్రౌజర్ ఎడ్జ్‌కి మళ్లించినప్పుడు మైక్రోసాఫ్ట్ కూడా మెయిలూ పేజీ పక్కపక్కన కనిపిస్తాయనే చెప్పింది. అందులో ఉపయోగం లేదని నేననలేను.

చివరిబెంచి:
చేసి చూశానండీ. ఆ పెట్టెలో కొట్టిన అడ్రసు ఫైర్‌ఫాక్స్‌లోనే తెరుచుకుంది. మెయిల్ ప్రోగ్రామ్ ఆప్షన్లలో మీరు చెప్పినలాంటి వరుసే దొరికింది, అందులో వేరే బ్రౌజర్ పేరు ఉంది. అది నేను పెట్టింది కాదు. అలాంటి వరుస ఒకటుందని నాకు ఇవాళే తెలిసింది. నేను ముట్టుకోని సెట్టింగు నేను చేసుకున్న సెట్టింగుని దాటేయడం ఎలా న్యాయం?

రాత్రిషిఫ్టు:
నాకు తగిలిన చిక్కు వేరు. ఏ బ్రౌజరూ తెరుచుకునేది కాదు. లింకు నొక్కగానే "ఈ కంప్యూటర్‌లో ఉన్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది, అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి" అని వచ్చేది. ఇంట్లో కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్ నేనే, ఏ ఆంక్షలూ పెట్టలేదు. రెండు రాత్రులు పోయాక తెలిసింది: అంతకుముందు వారం ఒక బ్రౌజర్‌ని తీసేశాను, కానీ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లని తెరిచేది తనేనని అది రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోట) రాసుకున్న మాట అలాగే మిగిలిపోయింది. అంటే మెయిల్ ప్రోగ్రామ్, ఇంట్లో లేని మనిషిని పిలుస్తోందన్నమాట. రిజిస్ట్రీ జోలికి వెళ్లలేనివాళ్లు ఆ బ్రౌజర్‌ని మళ్లీ వేసి, ఇంకోదాన్ని డిఫాల్ట్‌గా మార్చి, ఆ తర్వాత తీసేయండి. నాకు అలాగే కుదిరింది.

దీని గురించి చదువుతుంటే చర్చకి పనికొచ్చే సంగతి ఒకటి కనిపించింది. విండోస్ 8 నుంచి మనం ఎంచుకున్న బ్రౌజర్ పేరు పక్కన ఒక హ్యాష్ (ఆ ఎంపిక నుంచి లెక్కకట్టిన గుర్తు) కూడా రాసిపెడతారు. ఏ ప్రోగ్రామైనా దొంగచాటుగా పేరు మారిస్తే హ్యాష్ కలవదు, విండోస్ ఆ మార్పుని ఒప్పుకోదు. అంటే మనిషి ఎంపికకి తాళం వేశారు. మంచి పనే. కానీ మెయిల్ ప్రోగ్రామ్ ఆ తాళాన్ని ముట్టుకోకుండానే, సిస్టమ్‌ని అడగకుండా నేరుగా తనకి కావలసిన బ్రౌజర్‌ని పిలుచుకుంటే ఇక ఆ తాళం ఎందుకు? చివరిబెంచి గారి పక్షమే నేను.

అక్షరం:
నేను మీ ఇద్దరి పక్షమూ కాదు. మెయిల్ లింకులు నా రోజువారీ బ్రౌజర్‌లో తెరుచుకోకూడదనే నా కోరిక. బ్యాంకు లాగిన్, మిగతా ఖాతాలన్నీ అందులో ఉంటాయి. మోసపు లింకులు ఎక్కువగా వచ్చేది మెయిల్లోనే కదా. అందుకే ఏ లాగినూ, ఏ పాస్‌వర్డూ లేని రెండో బ్రౌజర్‌ని మెయిల్ కోసమే ఉంచాను. అన్ని మోసాలూ దీంతో ఆగవు, నేనే పాస్‌వర్డు కొడితే ఏ బ్రౌజరైనా ఒకటే. కానీ అక్కడ పాస్‌వర్డు అడిగారంటే ఒక్క క్షణం చేయి ఆగుతుంది. ఆ క్షణం నాకు ముఖ్యం.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఇది కుదురుతుంది. కాన్ఫిగ్ ఎడిటర్ (దాని లోపలి సెట్టింగుల జాబితా) తెరిచి "వార్న్ ఎక్స్‌టర్నల్" అనే మాటలున్న వరుసలు వెతకండి. హెచ్‌టీటీపీకీ హెచ్‌టీటీపీఎస్‌కీ ట్రూ అని పెడితే, తర్వాత లింకు నొక్కినప్పుడు ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో అడుగుతుంది. "సిస్టమ్‌కిచ్చి తప్పుకోవాలి" అని నియమం పెడితే నాలాంటివాళ్లకి ఈ దారి మూసుకుపోతుంది.

చివరిబెంచి:
అక్షరం గారూ, మీ మాట విన్నాక నా మాట కొంచెం సవరించుకుంటాను. సెట్టింగు ఉండనివ్వండి. కానీ ప్రోగ్రామ్ వేసిన మొదటిరోజు దానిలో "సిస్టమ్ డిఫాల్ట్" అనే ఉండాలి. మార్చడం మీ చేత్తో జరగాలి. మీరు కావాలని మార్చుకున్నారు, నాది నాకు తెలియకుండా మారింది. తేడా అంతా అక్కడే ఉంది.

రాత్రిషిఫ్టు:
ఇది విండోస్ ఒక్కదాని గొడవ కాదు. ఐఫోన్‌లో 2020 సెప్టెంబరులో ఐఓఎస్ 14 వచ్చేదాకా డిఫాల్ట్ బ్రౌజర్‌ని మార్చుకునే వీలే లేదు. వచ్చాక కూడా ఫోను ఆపి ఆన్ చేస్తే మళ్లీ ఆపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీకి వెళ్లిపోయేది, 14.0.1లో సరిచేశారు. మ్యాక్‌లో ఇప్పటికీ ఒక విచిత్రం ఉంది: డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌ని మార్చడానికి ఆపిల్ చెప్పే దారి వాళ్ల మెయిల్ తెరిచి, దాని సెట్టింగుల్లోకి వెళ్లడమే. వద్దనుకున్నవాడి ఇంటికే వెళ్లి వద్దని చెప్పి రావాలన్నమాట.

సర్వర్‌గది:
సొంత కంప్యూటర్ల వరకు చివరిబెంచి గారు సవరించిన మాట ఒప్పుకుంటున్నాను. ఆఫీసు మెషీన్లలో మాత్రం కాదు. అక్కడ ఏ బ్రౌజర్‌లో తెరుచుకోవాలో అందరికీ ఒకేసారి నిర్ణయించే పాలసీ మాలాంటివాళ్ల చేతిలో ఉంటుంది. నేను ఆఫీసు ఖాతా ఉన్న బ్రౌజరే పెట్టాను, అలాగే ఉంచుతాను.

చివరిబెంచి:
పెట్టండి, కాదనను. కానీ పెట్టినట్టు మీవాళ్లకి చెప్పారా? సగం నింపిన ఫారం మాయమైందని బెంబేలెత్తే మనిషికి ఇది మీ నిర్ణయమని ఎలా తెలుస్తుంది?

సర్వర్‌గది:
చెప్పలేదండీ. ఎవరూ అడగలేదు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. సోమవారం పొద్దున అందరికీ రెండు వాక్యాలు పంపిస్తాను: ఏ బ్రౌజరు పెట్టామో, ఎందుకు పెట్టామో. లింకు మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసుకుంటే తమకి నచ్చిన బ్రౌజర్‌లో అతికించుకోవచ్చని కూడా రాస్తాను. పాలసీ మాత్రం మార్చను.