అప్‌డేట్: బీకాం తర్వాత ఫ్రెంచ్‌లో ఎంఏ

డిగ్రీలో ద్వితీయ భాషగా మాత్రమే ఫ్రెంచ్ చదివిన బీకాం విద్యార్థి ఆ భాషలో ఎంఏ చేయాలంటే ఏమేం కావాలని ఇంతకుముందు అడిగాను. ముందు భాషాస్థాయిని ధ్రువపత్రంతో నిరూపించుకోమని ఎక్కువమంది సూచించినందున, బంజారాహిల్స్‌లోని అలియాన్స్ ఫ్రాంసేజ్ అనే ఫ్రెంచ్ భాషా కేంద్రంలో చదివి, ఫ్రెంచ్ ప్రావీణ్య పరీక్ష అయిన డెల్ఫ్‌లో బి2 (మధ్యమానికి పైస్థాయి) పూర్తిచేశాను.

వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలకు 25 చొప్పున మొత్తం 100 మార్కులుండే ఈ పరీక్షలో ఉత్తీర్ణతకు 50 రావడంతోపాటు ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. రాత భాగంలో ఒక అభిప్రాయాన్ని సమర్థిస్తూ కనీసం 250 పదాల్లో వాదన నిర్మించవలసి ఉంటుంది కాబట్టి, ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని ఫ్రెంచ్ తీసుకున్నవారికి (నేనూ ఆ కోవకే చెందుతాను) అక్కడే అసలు శ్రమ ఎదురవుతుంది. డెల్ఫ్‌కు కాలపరిమితి లేదు. టీసీఎఫ్ అనే మరో ఫ్రెంచ్ ప్రావీణ్య పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కనుక, వెంటనే దరఖాస్తు చేయనివారికి డెల్ఫే మేలని నా అభిప్రాయం.

ఫ్రాన్స్‌లో చదవడం గురించి కూడా కొందరు ప్రస్తావించారు. అక్కడ 180 యూరోపియన్ క్రెడిట్ల లిసాన్స్ (మన డిగ్రీ లాంటిది) తర్వాత, రెండేళ్లలో మరో 120 క్రెడిట్లు సంపాదిస్తే మాస్టర్ పట్టా లభిస్తుంది. సాహిత్య విభాగాల్లో సాధారణంగా ఫ్రెంచ్‌లోనే పరిశోధన వ్యాసం సమర్పించాలి. సాహిత్య పఠనం అంతగా లేని నాకు అది ప్రస్తుతానికి తొందరపాటే అవుతుంది. అందువల్ల తార్నాక వైపున్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఎంఏకే దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. అర్హత నిబంధనలను మాత్రం ఆ ఏటి ప్రవేశ ప్రకటనలోనే సరిచూసుకుంటాను.