ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు అచ్చు గైడు కొనాలా, అధికారిక సమాచారం సరిపోతుందా?

ఒక తండ్రి, మంచిర్యాల

మా అమ్మాయి తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్ రాసింది. కళాశాల ఎంపిక గురించి ఇంట్లో అందరం కలిసి కూర్చుని చదువుకునే పుస్తకం ఒకటి ఉంటే బాగుంటుందని దుకాణానికి వెళ్తే, కౌన్సెలింగ్ గైడ్లు మూడు రకాలు చూపించారు. ఒకే కళాశాలలో ఒకే బ్రాంచికి రెండు పుస్తకాల్లో రెండు వేర్వేరు చివరి ర్యాంకులు (సీటు దొరికిన ఆఖరి విద్యార్థి ర్యాంకు) కనబడటంతో కొనకుండా తిరిగి వచ్చాను. ఆ వివరాలన్నీ ఈఏపీసెట్ వెబ్‌సైటులో ఉచితంగానే ఉంటాయని, పుస్తకానికి పెట్టే డబ్బు దండగని అమ్మాయి అంటోంది. కానీ పదో తరగతితో చదువు ఆగిపోయిన నా భార్యకు, చిన్న అక్షరాలు ఆనని మా నాన్నకు ఫోనులో పట్టికలు చూపించి వివరించడం నా వల్ల కావడం లేదు. నాలుగేళ్ల ఫీజు భారం అందరం కలిసి మోసేదే కనుక నిర్ణయంలో వాళ్లూ ఉండాలన్నది నా పట్టుదల. గైడు కొనడం సబబేనా? కొంటే ఎలాంటిది కొనాలి?

ఒక తల్లి, ఖమ్మం

కొనవద్దు అన్నగారూ. మా పెద్దబ్బాయి కౌన్సెలింగ్ సమయంలో మేము ఒక గైడును నమ్ముకున్నాం. అందులో ఒక కళాశాల పేరు పక్కన ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్నదని అచ్చువేశారు. ఆ ఒక్క మాట చూసి దాన్ని ఆప్షన్లలో పైన పెట్టాం. ఆ గుర్తింపు సివిల్, మెకానికల్ బ్రాంచిలకేనని, మా వాడు చేరిన బ్రాంచికి లేదని చేరిన తర్వాత తెలిసింది. అప్పుడు పుస్తకం మళ్లీ తిరగేస్తే, వెనక అట్ట లోపల అదే కళాశాల ప్రకటన నిండు పేజీలో ఉంది. ముందే ఎందుకు చూసుకోలేదని నేను ఇప్పటికీ బాధపడుతుంటాను.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ

అమ్మా, మీకు జరిగింది చాలా ఇళ్లలో జరుగుతున్నదే. ఉన్నత విద్యా సంస్థల నాణ్యతను పరిశీలించే నాక్ తన గుర్తింపును మొత్తం సంస్థకు ఇస్తుంది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచిల వారీగా, పరిమిత కాలానికే ఇస్తారు. పైగా ఒక బ్రాంచి నుంచి కనీసం రెండు బ్యాచులు చదువు ముగించి బయటికి వచ్చిన తర్వాతే దానికి దరఖాస్తు చేసుకునే అర్హత వస్తుంది. అందువల్ల కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ, డేటా సైన్స్ బ్రాంచిలకు అది లేకపోవడం సహజం. బ్రాంచి పేరూ గడువు తేదీ రాయకుండా కళాశాల పేరు పక్కన ‘ఎన్‌బీఏ’ అని మాత్రమే వేసిన గైడును ఆ ఒక్క కారణంతోనే పక్కన పెట్టవచ్చు.

మంచిర్యాల వారు చెప్పిన రెండు ర్యాంకుల సంగతికి వస్తే, బహుశా రెండూ నిజమే కావచ్చు. సాంకేతిక విద్యా శాఖ చివరి ర్యాంకులను విడతల వారీగా, కేటగిరీల వారీగా, బాలురకూ బాలికలకూ వేర్వేరుగా ప్రకటిస్తుంది. ఒక గైడు మొదటి విడతవీ మరొకటి తుది విడతవీ తీసుకుని, ఆ సంగతి రాయకపోతే మీరు చూసినట్లే ఉంటుంది. ఒక కేటగిరీలో రెండు మూడు సీట్లే ఉన్నచోట చివరి ర్యాంకు ఒక్క విద్యార్థి నిర్ణయంతో వేలల్లో అటూ ఇటూ మారుతుంది కనుక, ఒకే ఏడాది అంకెను పట్టుకుని ఆశ పెంచుకోకూడదు, ఆశ వదులుకోనూ కూడదు.

నిబంధనలు మారితే పాత అంకెల అర్థమే మారిపోతుంది. బాగా నడుస్తున్న కళాశాలల్లో ఒక్కో బ్రాంచికి ఉండే గరిష్ఠ సీట్ల పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి తొలగించింది. 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు ఆంధ్రప్రదేశ్ స్థానిక విద్యార్థులు పోటీపడే ఏర్పాటు, రాష్ట్ర విభజన నాటి పదేళ్ల గడువు ముగియడంతో, 2025-26 నుంచి ఆగిపోయింది. ఫీజులను సాధారణంగా మూడేళ్ల కాలానికి నిర్ణయిస్తారు. 2022-25 కాలం ముగిసిన తర్వాత పాత ఫీజులే 2025-26కూ కొనసాగుతాయన్న ఉత్తర్వు కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో గాని రాలేదు. వేసవిలోనే అచ్చయిన పుస్తకానికి అది ఎలా తెలుస్తుంది?

అయినా గైడు అసలు వద్దని నేను అనను. స్థానికత, కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్, స్లైడింగ్ వంటి మాటల అర్థం తెలుగులో ఉదాహరణలతో వివరించిన పుస్తకం దొరికితే కొనండి. అంకెల కోసం మాత్రం కొనకండి.

నాలుగో సంవత్సరం విద్యార్థి, హైదరాబాద్

సార్ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. గైడ్లలోనూ ప్రకటనల్లోనూ కనిపించేది ఏ ఒక్కరికో వచ్చిన అత్యధిక జీతమే. కేంద్ర ప్రభుత్వం విద్యా సంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో పాల్గొనే కళాశాలలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైటులోనూ ఉంచుతాయి. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ వేతనం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మధ్యస్థ వేతనం అంటే ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ వస్తున్నదని అర్థం. అవి కళాశాల స్వయంగా ఇచ్చుకున్న అంకెలే కాబట్టి, అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగి సరిచూసుకోవాలి. నేను చేరేటప్పుడు ఈ సంగతి చెప్పేవారు లేక, అత్యధిక జీతం చూసే మోసపోయాను.

ఒక తల్లి, ఖమ్మం

సార్ గారి మాట మీద గౌరవం ఉంది గానీ ఒప్పుకోలేకపోతున్నాను. అంకెలు సరిచూసుకోగలిగినవారికి గైడు అవసరమే లేదు. సరిచూసుకోలేనివారు అచ్చులో ఉన్నదంతా నిజమనుకుంటారు. ‘అర్థాల కోసమే చదవండి, పట్టికలు చూడకండి’ అంటే పుస్తకం చేతికొచ్చిన ఇంట్లో ఎవరు ఆగుతారు? మేము ఆగలేదు.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ

అమ్మా, ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అయితే ఏ పుస్తకమూ లేకపోతే ఆ ఖాళీలోకి వచ్చేది అధికారిక వెబ్‌సైటు కాదు, సీటు ఇప్పిస్తామంటూ ఫోను చేసే దళారి. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఆ ఫోన్లను నమ్మి పొలం తాకట్టు పెట్టిన తండ్రులను చూశాను. అందుకే తప్పులున్న పుస్తకాన్నయినా పక్కన పెన్సిలు పెట్టుకుని చదవమంటాను.

ఒక తండ్రి, మంచిర్యాల

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అమ్మాయి తుది విడత చివరి ర్యాంకుల పట్టికలోంచి మాకు అందుబాటులో ఉన్న పద్నాలుగు కళాశాలలను ఏరి, రెండేళ్ల ర్యాంకులు, ఫీజు, ఎన్‌బీఏ గడువు పెద్ద అక్షరాలతో నోటుబుక్కులో రాసింది. మా నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, ఇంటి నుంచి ఎంత దూరమో కూడా రాయమన్నారు. నా భార్య హాస్టల్ ఖర్చుకు ఇంకో గడి గీయించింది. గైడు మాత్రం ఇంకా కొనలేదు. స్లైడింగ్ గురించి ఆమె అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. దాన్ని తెలుగులో తేటగా వివరించిన పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ చదివి చెప్పగలరా?